ఉయ్యాల బల్ల కారు

మా అమ్మాయి కారు నూట అరవై రెండు గ్రాములు తూగింది. నూట నలభై దాటకూడదు. ఆ సంగతి తెలిసేటప్పటికి కారుకు పసుపు, కుంకుమ పెట్టేసి ఉన్నాం.

బయటివాళ్లకు ఇదొక విషయంలా కనిపించదు. అరచేతికి కొంచెం పెద్దదైన చెక్క కారు. ఉలి పెట్టి నాలుగు చోట్ల చెక్కితే సరిపోతుంది. మా ఇంట్లో అలా కుదరదు. ఆయుధ పూజ రోజు బొట్టు పెట్టిన వస్తువు మీద పున్నమి వెళ్లేదాకా ఇనుము తగలకూడదు. కత్తి, రంపం, ఉలి, బాడిస, ఏదీ తగలకూడదు. పూజ బుధవారం అయింది. పోటీ ఆదివారం. పున్నమి ఆ తర్వాత.

పోటీ ఎమ్మిగనూరులో. కొందరు సైన్సు టీచర్లు కలిసి దసరా సెలవుల్లో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని పెట్టారు. ఏటవాలుగా పొడుగాటి బల్ల ఒకటి ఉంటుంది, దాని మీద కార్లు జారే గాడులు తీసి ఉంటాయి. ఇంజను లేదు, బ్యాటరీ లేదు. పైనుంచి వదిలితే చెక్క కారు తన బరువుతో తానే కిందికి జారి రావాలి. బరువు ఎక్కువైతే జోరు ఎక్కువ కాబట్టి బరువుకు హద్దు పెట్టారు. హద్దు దాటిన కారును బల్ల ఎక్కనివ్వరు.

మా అమ్మాయి ఆరో తరగతి. బళ్లో పాటలకు గాని, పరుగులకు గాని ఎప్పుడూ పేరు ఇచ్చి ఎరగదు. వెనక వరసలో కూర్చుని వచ్చే పిల్ల. ఈసారి ఎవరూ అడగకుండానే చెయ్యెత్తిందట. ఇంటికి వచ్చి ఆ మాట గడపలో నిలబడే చెప్పింది.

టీచర్లు ఒక్కో పిల్లకు ఒక చెక్క ముక్క, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, ఇరుసులకు నాలుగు మేకులు ఇచ్చారు. చెక్క తెల్లగా, తేలిగ్గా, ప్యాకింగ్ పెట్టెల చెక్కలా ఉంది. మేకు దిగ్గొట్టడానికి నేను సుత్తి ఎత్తాను. మూడో దెబ్బకు చెక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా పగిలింది.

"ఇంకో ముక్క అడిగి తెస్తా నాయనా. అడిగితే ఇస్తారు" అంది.

రెండోసారి చెయ్యి చాపడం మా ఇంటా వంటా లేదు. అదే మాట ఆమెతో అన్నాను. మంచం కింద ఉన్న టేకు ముక్కను బయటికి లాగాను.

ఆ ముక్క గురించి చెప్పాలి. మాది దేవనకొండ దాటాక ఒక ఊరు. ఊరి నడుమ మా ఇల్లు, ఇంటి నడుమ గొలుసులకు వేలాడే టేకు ఉయ్యాల బల్ల. దాని మీద కూర్చునే మా పెద్దవాళ్లు ఊరి తగవులు తీర్చేవాళ్లు. నాకు బుద్ధి తెలిసేటప్పటికి తగవులు మా గడప తొక్కడం మానేశాయి, వర్షానికి మిద్దె కారేది. తర్వాత ఇల్లు కూడా పోయింది. పోయేటప్పుడు ఆ బల్ల మాత్రం మా నాయన ఎవరికీ ఇవ్వలేదు. ఆదోనిలో మేమున్న అద్దె గదిలో అది పట్టలేదు. ఒక చివర కోయించి గోడ వారగా అరుగులాగా వేశాం. కోసిన ముక్కను పారేయలేక మంచం కిందికి తోశాను.

వడ్రంగి దాన్ని కొలత ప్రకారం కోసి, చక్రాలకు బెజ్జాలు వేసి ఇచ్చాడు. ఆకారం మా అమ్మాయి గీసింది. చేపలాగా, ముందు సన్నగా, పల్చగా. నాకు నచ్చలేదు. మా ఇంటి సవారి బండికి వెనక గుమ్మటంలా గూడు ఉండేది. కారుకూ అలాంటి గూడు ఉండాలన్నాను. "మన బండి తలెత్తుకుని పోవాల" అన్నాను. ఆమె రబ్బరుతో చేపను తుడిపేసి గూడు గీసింది.

బుధవారం నా స్కూటరు, నా భార్య కుట్టు మిషను, కత్తిపీట, వాటి పక్కన కారు వరసగా పెట్టి పూజ చేశాం. బొట్టు నేనే పెట్టాను. అంతకు ముందు తూచి చూద్దామన్న ఆలోచన నాకు గాని, ఆమెకు గాని రాలేదు. మర్నాడు దసరాకు పంచే బన్ని ఆకు, జమ్మినే మేం అలా అంటాం, చేతుల్లో పెట్టుకుని కింది అంగడికి వెళ్లినప్పుడు వచ్చింది.

కింద బాదం, జీడిపప్పు, మసాలా దినుసుల అంగడి. మా ఇంటి యజమాని అంగడే. సాయిబు. వాళ్ల నాయన కాలం నుంచి ఆదోనిలో వ్యాపారం. నేను ఆకు ఇస్తే రెండు చేతులతో తీసుకుని గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు. గ్రాములు చూపించే కాటా ఆయన దగ్గరే ఉంది. మా అమ్మాయి కారు దాని మీద పెట్టింది.

"నూట అరవై రెండు. ఎంతుండాల బేటీ?"

"నూట నలభై."

"అరె, ఇది బిర్యానీ తినొచ్చిన కారు! నాలుగు దినాలు రోజా ఉపవాసం పెట్టించు, దిగొస్తాది" అని నవ్వి, నా వైపు తిరిగి, "చెక్కేయ్ అన్నా, ఎంతసేపు" అన్నాడు.

చెప్పాను. ఆయన నవ్వలేదు. కాటా మీది కారును తీసి మా అమ్మాయి చేతికి మెల్లగా ఇచ్చాడు. "ఔలే, ఎవరి ఇంటి పద్ధతి వాళ్లది" అన్నాడు. కాసేపు గడ్డం గోక్కుని, "ఎండబెట్టు అన్నా. లోపల తడి ఉంటాది" అన్నాడు.

నేను పత్తి యార్డులో ఒక కమీషన్ అంగడిలో పని చేస్తాను. మా దగ్గర బరువు మాట వస్తే మొదట తేమ మాటే వస్తుంది. నాకూ అదే సబబనిపించింది. పాత పంచె పరిచి కారును మిద్దె మీద ఎండలో పెట్టాం. మా అమ్మాయి కాకులు రాకుండా కాపలా కూర్చుంది. సాయంత్రం తూస్తే ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. తరాల తరబడి ఎండిన టేకులో ఇంకా ఏం తడి ఉంటుంది.

ఆ సాయంత్రమే యార్డుకు పోతే, అప్పటికే అక్కడ ఈ కథ ఎలా తెలిసిందో తెలిసింది. అక్కడ నన్ను దొరా అంటారు. అది గౌరవమో ఎగతాళో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు.

"దొరా, మన తాన తూయించింటే సరిపోతుండె. తరుగు కింద ఇరవై గ్రాములు కొట్టేస్తుంటిమి" అన్నాడు ఒక హమాలీ.

"రైతు అయితే కొట్టేస్తువు. ఇది దొర కారురా, కలుపుతువు" అన్నాడు ఇంకొకడు.

నేను ఇంటిదారి పట్టాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర నా భార్య అంది: "ఆ బొట్టు కడిగేసి రంపం పెట్టండి. పిల్ల మొగం చూడండి ఒకసారి."

"కడిగితే పోయేది కాదు" అన్నాను.

"చక్రాలకు మేకులుండాయి గదా. అవేమన్నా బంగారువా?"

"అవి పూజకు ముందు దిగినవి."

"మీ ఇంట్లో పొలాలు పోయినాయి, నగలు పోయినాయి, వద్దులు మాత్రం ఒక్కటీ పోలేదు" అని కంచాలు తీసింది.

మా అమ్మాయి నా వైపే ఉంది. ఆమెకు ఈ పద్ధతి వెనక కథ తెలుసు. చిన్నప్పుడు అన్నం ముద్దలు పెడుతూ నేనే చెప్పాను, నాకు మా నాయన చెప్పినట్టే. మా తాత తమ్ముడు ఒక దసరాకు పూజ చేసిన సవారి బండి ఇరుసుకు పున్నమి రాకముందే రంపం పెట్టించాడు. ఆ ఏడాది నుంచే బావులు ఎండాయి, ఎద్దులు చచ్చాయి, చేలు ఒకటొకటే చేజారాయి. అంత పెద్ద ఇల్లు కూలడానికి అంతటి కారణం కావాలి. ఊళ్లో వేరే మాటలు చెప్పుకునేవాళ్లు. ఆ మాటలను నేను మా గడప లోపలికి రానివ్వలేదు.

"ఉప్పుకాగితం ఇనుము కాదు గదా నాయనా?" అంది శుక్రవారం పొద్దున్నే.

వడ్రంగులు చెక్క నునుపు చేసే గరుకు కాగితం. ఇసుక, జిగురు, కాగితం. అందులో ఇనుము లేదు. అయినా వెంటనే సరేననలేకపోయాను. ఇలాంటివి తేల్చాల్సిన పెద్దవాడిని ఇప్పుడు నేనే. నా పైన అడగడానికి ఎవరూ లేరు. ఉంటే బాగుండేదనిపించింది. వాళ్లు వద్దంటే వద్దని, సరేనంటే సరేనని, నా మెడ మీది కాడి కాసేపు వాళ్లు మోసేవాళ్లు.

సరేనన్నాను. గాజు కూడా ఇనుము కాదని తోచింది. పగిలిన సోడాసీసా పెంకుకు గుడ్డ చుట్టి దాని అంచుతో గీకితే టేకు పల్చని పొరలుగా లేచింది. పెంకు నేను పట్టాను. గరుకు కాగితం ఆమె పట్టింది.

ఉయ్యాల బల్ల మీదే కూర్చున్నాం, ఇద్దరం ఎదురెదురుగా. కిటికీ మూసేశాం. తెరిస్తే పొట్టు కింద ఎండబెట్టిన బాదం మీద పడుతోంది. ఫ్యాను వేస్తే గది అంతా లేస్తోంది. అదీ ఆపాం. గదిలో ఉక్క, టేకు వాసన, కుట్టు మిషను చప్పుడు. ముక్కుల్లోకి, అన్నంలోకి, పక్కబట్టల్లోకి అదే పొట్టు. మొదట గూడు పోయింది. మా ఇంటి గుమ్మటాన్ని నా చేత్తోనే గీకి నేల మీద పోశాను. నా భార్య దాన్ని చీపురుతో తోసి చేటలోకి ఎత్తింది. ఆ తర్వాత ముందు భాగం సన్నబడింది. పక్కలు లోపలికి వంగాయి. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె మొదట గీసిన చేప బయటపడింది.

ప్రతి పూటా కింది అంగడికి దిగి తూయించేవాళ్లం. సాయిబు మిగతా బేరాలు ఆపి కాటా తుడిచి ఇచ్చేవాడు. "తగ్గుతాంది, తగ్గుతాంది. నా బీబీ ఇంత తొందరగా తగ్గదు" అనేవాడు, వెనక గదిలోకి వినబడేలా. వెనక గదిలోంచి ఉర్దూలో తిట్టు వచ్చేది.

శనివారం సాయంత్రం నూట నలభై నాలుగు. ఇక తీయడానికి చోటు లేదు. అడుగు ఇంకా గీకితే ఇరుసు మేకులు బయటపడతాయి. పక్కలు గీకితే చక్రాలు వదులవుతాయి. లోపల చెక్క నిండుగా ఉంది, కానీ లోపలికి పోవాలంటే బెజ్జం కావాలి. బెజ్జానికి ఇనుము కావాలి. మా అమ్మాయి వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయాయి. అవి నాకు కనబడకుండా గౌను మడతల్లో దాచుకుంది.

ఆదివారం ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు పోయే బస్సు ఎక్కాం. కిటికీ పక్కన ఆమె, మధ్యలో నేను, ఈ చివర తలపాగా కట్టుకున్న ఒక ముసలాయన. బస్సులో కూడా ఆమె కాగితంతో రుద్దుతూనే ఉంది. ముసలాయన చాలాసేపు చూశాడు.

"ఏందమ్మా అది, ఎక్కినప్పటి సంది రుద్దుతానే ఉండావు? భూతం బయటికొస్తాదా?"

"కారు తాతా. బరువు తగ్గాల."

"బరువు తగ్గాలంటే రుద్దేదేంటికి? ఇట్ల తే. నా తాన కొడవలి ఉండాది. రెండేట్లు ఏస్తే అయిపాయె." సంచిలో చెయ్యి పెట్టాడు.

ఆమె కారును గుండెకు హత్తుకుంది. "వద్దు తాతా, ఇనుము తగలకూడదు. తగిల్తే మా ఇంటికి మంచిది కాదు."

"ఏమప్పా, మీది ఏ ఊరు?" అని నన్ను అడిగాడు.

చెప్పకుండా ఉండాల్సింది. ఊరి పేరు అడిగితే తల ఎత్తి చెప్పడం నాకు అలవాటు. చెప్పాను, ఇంటి పేరుతో సహా.

ముసలాయన మొహం వెలిగింది. "ఓ, ఉయ్యాల బల్ల ఇంటోళ్లా! మాది గోనెగండ్లప్పా. మీ తాత తమ్ముడు మా ఊరికే వస్తాండె గదా పేకాటకు. దేవుడంటి మనిషి. ఓడిపోతాండా నవ్వుతానే ఉండె. ఒక దినం బండీ ఎద్దులూ పెట్టి ఓడి, నడిసి పోయినాడు ఇంటికి. చేండ్లు అట్లనే పాయె. మా నాయన సెప్తాండె..."

నా మొహం చూసి ఆగిపోయాడు. తలపాగా సర్దుకుని అవతలికి తిరిగాడు.

బస్సులోంచి దిగే దారి లేదు. అటు కిటికీ, ఇటు ముసలాయన, నడవ నిండా నిలబడిన మనుషులు. మా అమ్మాయి రుద్దడం ఆపింది.

"నాయనా, ఆ తాత పేకాట ఆడతాండెనా?"

"లేదు" అన్నాను. "ఈయన ఎవరినో చూసి ఎవరో అనుకుంటున్నాడు."

ముసలాయనకు వినబడింది. ఆమె కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఎమ్మిగనూరులో దిగేదాకా కాగితం మళ్లీ ముట్టుకోలేదు.

హాల్లో పిల్లలు, అమ్మానాన్నలు, గోల. తలుపు దగ్గరే బల్ల మీద కాటా. దాని వెనక కళ్లజోడు పెట్టుకున్న ఒక టీచరు. వరస మెల్లగా కదిలింది. మా అమ్మాయి కారు పెట్టింది. నూట నలభై మూడు.

"మూడు గ్రాములే" అన్నాడు టీచరు, ఊరడింపుగా. "ఏం పర్వాలేదు. అదిగో, ఆ మూలన డ్రిల్లు మిషనుంది. అడుగున రెండు తూట్లు వేయిస్తే సరి. చాలామంది అదే చేస్తాండారు. పోండి, తొందరగా."

మూలన ఒక యువకుడు డ్రిల్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాని చివర ఇనుప మొన తిరుగుతోంది. ఎవరి కారులోంచో తెల్లటి పొట్టు ఎగిరి పడుతోంది.

"వద్దు సార్" అంది మా అమ్మాయి.

"వద్దంటే ఎట్లమ్మా? బరువు ఎక్కువుంటే బల్ల ఎక్కనియ్యం."

"తెలుసు సార్. ఇంటికి తీస్కపోతాం."

ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. అచ్చం మా నాయన ఎవరితోనైనా మాట తెగేసేటప్పుడు ఎలా అనేవాడో అలాగే అంది. కారు తీసుకుని వరసలోంచి పక్కకు జరిగింది. వెనకవాళ్లు ముందుకు వచ్చారు. ఆ క్షణంలో నాకు గర్వంగా ఉండాల్సింది. కానీ మూసిన కిటికీ వెనక, పొట్టు మధ్య ఆమెను కూర్చోబెట్టి బయట గడియ పెట్టింది నేనే అనిపించింది.

"తూట్లు వేయిద్దాం రా" అన్నాను.

నమ్మలేనట్టు చూసింది. "ఇనుము నాయనా."

"ఏమీ కాదు."

"ఏమీ కాదా?"

"కాదు."

ఆమె ఏం అడగబోతోందో నాకు ముందే తెలిసింది. తెలిసీ ఆపలేకపోయాను.

"ఇనుము తగిల్తే ఏమీ కాదంటే, మరి మన చేండ్లు యాడికి పోయినాయి?"

గోలలో కూడా ఆ గొంతు ఖంగుమంది. టీచరు తల ఎత్తాడు. వరసలో ఉన్న ఇద్దరు ముగ్గురు మావైపు తిరిగారు. ఎమ్మిగనూరులో మా వాళ్లను ఎరిగిన మనుషులు ఇప్పటికీ ఉన్నారు. గొంతు తగ్గించి చెవిలో చెప్పొచ్చు. ఇంటికి పోయాక చెప్తాననొచ్చు. అలా అంటే ఆమె కారు పట్టుకుని ఇంటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఏ వరసలోనూ నిలబడదు.

"పేకాటలో పోయినాయి" అన్నాను. "మా తాత తమ్ముడు ఆడి పోగొట్టినాడు. బస్సులో ఆయన చెప్పింది నిజం. బండికి రంపం పెట్టడం అంతా అబద్ధం. బండి కూడా పేకాటలోనే పోయింది."



ఆమె నన్ను చూసింది, చేతిలో కారును చూసింది. కారు మీద ఏ కాస్తో మిగిలిన కుంకుమను బొటనవేలితో తుడిచింది. నడిచి మూలకు పోయి ఆ యువకుడికి ఇచ్చింది. "రెండు తూట్లు వెయ్యన్నా. ఇరుసులు తగలకుండా."

నేను అటు చూడలేదు. చప్పుడు విన్నాను. టేకు గట్టిది కాబట్టి మిషను కొంచెం మూలిగింది.

నూట నలభై. సరిగ్గా హద్దు మీద. టీచరు కారు మీద ఒక అంకె అంటించి లోపలికి పంపాడు.

కారు మొదటి పరుగులో గెలిచింది, రెండో పరుగులో ఓడింది. అంతే. గెలిచినప్పుడు మా అమ్మాయి అరిచిన అరుపు ఇంతకు ముందు నేను వినలేదు. ఎవరో తెలియని పిల్ల భుజం పట్టుకుని గెంతింది. నేను గోడ దగ్గర నిలబడి చూశాను. చప్పట్లు కొడదామని చేతులు ఎత్తితే అవి మళ్లీ కిందికి దిగిపోయాయి.

బస్టాండుకు వచ్చాక కారును తలకిందులు చేసి తూట్లలోని పొట్టు ఊదుకుంటూ నిలబడింది.

"అమ్మకు నేను చెప్తా" అంది.

"గెలిచిన సంగతా?"

"అదీ చెప్తా. పేకాట సంగతి."

"అమ్మకు తెలుసులే" అన్నాను.

నా భార్యకు పెళ్లికి ముందే తెలుసు. వాళ్ల ఊళ్లో అందరికీ తెలుసు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఎన్ని విధాలుగా ఎత్తిపొడిచినా, ఆ ఒక్క మాట ఆమె నోటి నుంచి రాలేదు. నేను అన్నం ముద్దలతో పాటు రంపం కథ పిల్లకు పెడుతుంటే పక్కనే కూర్చుని వినేది, కుట్టుకుంటూ.

"అమ్మకు తెలిస్తే నాకేంటికి చెప్పలేదు?"

ఆదోని బస్సు వచ్చింది. సీట్లు లేవు. మనుషుల మధ్య ఇరుక్కుని నిలబడ్డాం. బస్సు కదిలింది. ఆమె కారును సంచిలో పెట్టుకుని, ఒక చేత్తో నా చొక్కా పట్టుకుని, జవాబు కోసం నా మొహంలోకి చూస్తూనే ఉంది.